నేను చదవని రెండో పేరు

ఒక మనిషి మీ ఎదురుగా కూర్చుని ‘ఈ మందు నాకు పడదు’ అంటే, ఆ మాటను సాక్ష్యంగా స్వీకరిస్తారా, చాదస్తమని తోసిపుచ్చుతారా? జవాబుకు తొందరపడకండి. నేను తొందరపడ్డాను. అప్పటికి కాలేజీ డిబేట్ పోటీల్లో వరసగా గెలుస్తూ ఉన్నదాన్ని. ఎదుటివారి మాటలో ఆధారం లేని చోటు ఎక్కడుందో వెతికి వేలు పెట్టడమే తెలివి అనుకునేదాన్ని. ఒక సాయంత్రం నేను వేలు పెట్టిన చోట ఒక మనిషి ప్రాణం ఉంది.

ఆయన ఈ మార్చిలో పోయారు. నేను చెప్పబోయే జబ్బుతో కాదు. డెబ్భై దాటిన గుండె ఒక ఉదయం టీ గ్లాసు చేతిలో ఉండగానే ఆగిపోయింది. భవానీపురంలో మేం మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం, ఆయనా ఆయన భార్యా కింది వాటాలో. ఆయన పేరు ఇక్కడ రాయను. నలభై ఏళ్ళపాటు బెజవాడ అచ్చాఫీసుల్లో ఇతరుల పుస్తకాలకు ప్రూఫులు దిద్దిన ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఆనవాయితీని నేను మార్చదలచుకోలేదు. అందరూ ఆయనను ‘మాస్టారు’ అనేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ప్రూఫు మీద మాత్రం చాలామంది తెలుగు పండితులు కూడా జంకే తెలుగు.

ఆయనతో కలిసి సిటీ బస్సు ఎక్కడం ఒక పరీక్ష. ఆగిన ప్రతి చోటా కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుతూ, ఎగిరిపోయిన కొమ్ములూ ఎక్కువైన ఒత్తులూ పైకి లెక్కచెప్పేవారు. ముందు సీట్లోవాళ్ళు తమను అంటున్నాడేమోనని తిరిగి చూసేవారు. పెళ్ళి శుభలేఖ వస్తే ముహూర్తం చూడకముందే ఎర్ర పెన్ను తీసేవారు. ఒకసారి ఒకాయన ‘ఆహ్వనము’ అని అచ్చు వేయించిన శుభలేఖ ఇచ్చి వెళ్ళబోతుంటే, “తప్పకుండా వస్తామండీ, మా తరఫున ఒక దీర్ఘం కూడా తెస్తాం” అన్నారు. ఆయన భార్య, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ, ఆ దీర్ఘం ఏదో ఖరీదైన వస్తువు కాబోలని కంగారుపడిన ఆ పెద్దమనిషిని గుమ్మం దాకా సాగనంపి, “ఆయన మాట పట్టించుకోకండి అన్నయ్యగారూ, మా నిఖాహ్ కాగితంలో కూడా తప్పు పట్టాడు” అని సర్దిచెప్పింది.

నన్ను ‘లాయరమ్మా’ అని పిలిచేవారు. ఇంటర్‌లో ఉండగా మొదటిసారి నా వ్యాసం ఒకటి ఆయనకు చూపించాను. విద్యార్థులు శ్రద్ధతో చదవాలన్నది నా ప్రతిపాదన. ఆయన ఒక్క మాట చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి నా వైపు జరిపారు.

“చదువుకోమని చెప్పబోయి పిల్లలకి శ్రాద్ధం పెట్టేశావు కదమ్మా.”

చూస్తే నిజమే, ‘శ్రాద్ధతో’ అని రాశాను. ఒక్క దీర్ఘం. ఆ పూట నేను ఉడుక్కున్నంతగా ఏ పోటీలో ఓడినా ఉడుక్కోలేదు.

ప్రూఫు చదవడంలో ఆయనదొక పద్ధతి. పంక్తి కింద పాత చెక్క స్కేలు పెట్టి, పేజీ చివరి పంక్తి నుంచి మొదటి పంక్తికి వచ్చేవారు. ఇలా వెనక్కి చదివితే ఏం అర్థమవుతుందని అడిగాను.

“అర్థం కాకూడదనే. అర్థంలో పడ్డావంటే అక్షరం కనబడదు. సగం మాట చదివి మిగతా సగం నీ బుర్రే పూరించేస్తుంది. మంచి రచయితల పుస్తకాల్లోనే తప్పులెక్కువ మిగిలిపోతాయి, తెలుసా? వాళ్ళు మనల్ని లాక్కుపోతారు.”

ఆ ఏడాదే ఆయన పంటి చిగురు వాచింది. డాక్టరు వారం రోజుల యాంటీబయాటిక్ రాశారు, వాపు తగ్గింది, అందరూ మరిచిపోయారు. మందు ఆపి మూడు వారాలు దాటాక ఒళ్ళంతా దురద మొదలైంది. దద్దుర్లు లేవు, దురద మాత్రం ఆగదు. చెక్క స్కేలు చొక్కా వెనక దూర్చి వీపు గోక్కుంటూ, “పంక్తి దొరకడం లేదు లాయరమ్మా” అనేవారు. వేడి చేసిందని ఆంటీ సబ్జా నీళ్ళు పట్టింది. కళ్ళు పచ్చబడ్డాక గానీ కామెర్లని తెలియలేదు. నీళ్ళ వల్ల కావచ్చన్నారు. వైరస్ పరీక్షలు చేయిస్తే ఏమీ లేవు. రెండు నెలలకు మెల్లగా తగ్గింది. కారణం ఎవరూ తేల్చలేదు. ఆయన మాత్రం తేల్చుకున్నారు: “ఆ పంటి మందు నాకు పడలేదు.”

ఆ మాటను ఆయన వేళాకోళంగా కూడా వాడేవారు. “ఇన్నేళ్ళలో నా పేరు ఒక్కసారీ పేపర్లో పడలేదు. చివరికి మందు కూడా ఒంట్లో పడలేదు.”

మూడేళ్ళ తర్వాత, నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా, ఆయన కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటిది ఇంకా కాలేదు, కొత్త కళ్ళద్దాలు రాలేదు, చదవడం నిషేధం. బతుకులో మొదటిసారి అక్షరం లేకుండా కూర్చున్నారు. గోడ మీద క్యాలెండర్‌ను అటు తిప్పేయమని ఆంటీని అడిగారట, మసకగా కనబడి ఊరిస్తోందని. ఆ రోజుల్లోనే దగ్గూ జ్వరమూ పట్టుకుని ఛాతీలోకి దిగాయి. వీధి చివరి డాక్టరు గారు మందులు రాశారు. నేను పటమటలో జరిగిన ఒక అంతర కళాశాల పోటీలో గెలిచి, కప్పు సంచిలో పెట్టుకుని మెట్లెక్కబోతుంటే కింది వాటాలోంచి పిలుపు.

“లాయరమ్మా, ఇలా వచ్చి ఈ అట్ట మీద ఏముందో చదివి పెట్టు. నాకెందుకో అనుమానంగా ఉంది.”

చూశాను. “ఇది మీ పంటి మందు కాదు మాస్టారూ, పేరు వేరే.”

“అది పెద్దక్షరాల పేరు. డాక్టరు గారికీ ఆ పేరే చెప్పాను, అది రాయలేదులెండి అన్నారు. కానీ బిళ్ళ చూడు, తెల్లగా ఇంత పొడుగు. విప్పితే అదే వాసన. చిన్నక్షరాల్లో ఏముంది?”

వెనక్కి తిప్పాను. “అమాక్సిసిలిన్. పసిపిల్లలకి కూడా ఇస్తారు దీన్ని.”

“అంతేనా?”

“అంతే.”

ఆయన ఇంకా బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నారు. గెలిచి వచ్చిన వేడి నాలో ఇంకా చల్లారలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“మాస్టారూ, అసలు మీ కామెర్లు ఆ మందు వల్లే వచ్చాయనడానికి ఆధారమేమిటి? మందు వాడారు, ఆపేశారు. ఆపిన మూడు వారాలకి కామెర్లు. కారణం వెళ్ళిపోయాక కార్యం ఎలా వస్తుందండీ? పొయ్యి ఆర్పేసిన మూడు వారాలకి పాలు పొంగుతాయా? తర్వాత వచ్చింది కాబట్టి దానివల్లే వచ్చిందనడం తర్కదోషం. పైగా అదే మందు లక్షల మంది వేసుకుంటున్నారు. మందులో దోషముంటే వాళ్ళకీ రావాలి కదా?”

“ఏమో అమ్మా. పడదనిపిస్తోంది.”

“‘పడదు’ అనేది వాదన కాదు మాస్టారూ. అది భయానికి పెట్టుకున్న పేరు.”

ఆంటీ నీళ్ళ గ్లాసు తెచ్చి నవ్వింది. “ఈ పిల్ల నోట్లో నోరు పెట్టి గెలిచినోళ్ళు ఎవరున్నారు? వేసుకో, దగ్గుతో చస్తున్నావ్.”

ఆయన నా వైపు కాసేపు చూశారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉండడం వల్ల ఆ చూపులో ఏముందో తెలియలేదు. “వాదన బ్రహ్మాండంగా ఉంది” అని బిళ్ళ మింగారు.

ఈసారి మూడు వారాలు పట్టలేదు. అయిదో రోజుకు వాంతులు. ఆరో రోజు కంటి గుడ్డ విప్పి మందు చుక్కలు వేయబోయిన ఆంటీ పెట్టిన కేక మేడ మీదికి వినిపించింది. కొత్తగా బాగుచేసిన ఆ కన్ను పసుపు ముద్దలా ఉంది.

సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. అక్కడి కాలేయం డాక్టరు గారు చిన్న వయసు ఆవిడ, మాట మెత్తన. అట్ట అడిగి తీసుకుని, వెనక వైపు పైకి చదివారు: “అమాక్సిసిలిన్ అండ్ పొటాషియం క్లావులనేట్.”

ఆ రెండో పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను. అట్ట మీద మాత్రం మొదటి పేరు పక్కనే, అంతే సైజు అక్షరాల్లో ఉంది. తెలిసిన మాట కనబడగానే నా కన్ను ఆగిపోయింది. మిగతాది నా బుర్ర పూరించేసింది.

పంటి మందు పేరు చెప్పగానే డాక్టరు గారు తలాడించారు. “అదీ ఇదీ ఒకటే. కంపెనీ మారింది, పైపేరు మారింది.” ఆ తర్వాత ఆంటీని కాస్త పక్కకు పిలిచి, రక్తం గడ్డకట్టే గుణం పడిపోతోందనీ, రెండు మూడు రోజుల్లో మలుపు తిరగకపోతే హైదరాబాద్ తీసుకెళ్ళాల్సి వస్తుందనీ, కాలేయం మార్పిడి మాట కూడా రావచ్చనీ చెప్పారు. ఆంటీ తల మీది కొంగు సర్దుకుని, వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏం చెప్పారని ఆయన అడిగారు. “తొందరగా తగ్గుతుందన్నారు” అంది. “నీ మాటలో తప్పుంది, ఎక్కడో చూసుకో” అన్నారు కళ్ళు మూసుకునే.

మూడో రోజు, రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతోందో చెప్పే సూచిక ఒక్క మెట్టు కిందికి దిగింది, అంటే మంచికన్నమాట. ఆ ఉదయం డాక్టరు గారిని నేను అడిగేశాను. నా గొంతులో డిబేట్ లేదు. “మేడమ్, మొదటిసారి మందు ఆపిన మూడు వారాలకి వచ్చింది. అదెలా సాధ్యం?”

ఆవిడ మంచం అంచున కూర్చుని ఆయనకే చెప్పారు, నాకు కాదు. “మందు నేరుగా కాలేయాన్ని కాల్చేసిందని అనుకుంటే మీ అమ్మాయి ప్రశ్న సరైనదేనండీ. ఇక్కడ జరిగేది వేరని మేం అనుకుంటున్నాం. కాలేయంలో మందు విరిగినప్పుడు దాని తునక ఒకటి మన సొంత ప్రోటీన్‌కి అంటుకోవచ్చు. అంటుకున్నాక అది కొత్త ఆకారం. ఒంట్లో కాపలా కాసే రోగనిరోధక కణాలు దాన్ని చూసి పరాయిదనుకుంటాయి, ఆ కాలేయ కణాల మీద పడతాయి.”

మాస్టారి పెదవులు కదిలాయి. “అంటే డాక్టరమ్మా, మాట మనదే. ఎక్కడిదో ఒక దీర్ఘం వచ్చి తగులుకుంది. శ్రద్ధ కాస్తా శ్రాద్ధమైంది. అందుకని మాటంతా కొట్టేస్తున్నారు.”

ఆవిడకు ఒక క్షణం పట్టింది. తర్వాత నవ్వేశారు. “దాదాపు అంతేనండీ. నేను చదువుకున్న పుస్తకంలో ఇంత బాగా లేదు.”

“మరి మూడు వారాలు?”

“ఆ కణాలు గుర్తుపట్టాలి, పెరగాలి, గుంపు కట్టాలి. ఈలోపు మీ వారం రోజుల కోర్సు అయిపోయింది. మందు వెళ్ళిపోయింది గానీ మొదలైన పని ఆగలేదు.”

“ఇప్పుడు అయిదు రోజులకే వచ్చిందెందుకో నేను చెప్పనా? ఒకసారి పట్టుకున్న తప్పు మళ్ళీ వెతకక్కర్లేదు. పేజీ తీయగానే కన్ను అక్కడికే పోతుంది.”

“జ్ఞాపకం. అవునండీ, ఆ కణాల్లో కొన్ని ఏళ్ళ తరబడి జ్ఞాపకం ఉంచుకుంటాయి. అందుకే రెండోసారి ప్రమాదం ఎక్కువ.”

లక్షల మందికి రానిది ఆయనకే ఎందుకు వచ్చిందని నేను అడిగాను. చాలామందిలో కాలేయం ఇలాంటి చిన్న తేడాలను చూసీ చూడనట్టు ఊరుకుంటుందనీ, కొందరికి పుట్టుకతో వచ్చే జన్యువుల వల్ల ఆ కాపలా కణాలు ఇలాంటి తునకను ఇట్టే పట్టుకుంటాయనీ, వయసు మళ్ళినవాళ్ళలో ఈ మందుతో ఇది కాస్త ఎక్కువగా చూస్తామనీ ఆవిడ అన్నారు. ఇదేనని తేల్చే ఒక్క పరీక్ష లేదట. వేరే కారణాలన్నీ కాదని చూసుకుని, మందుకీ జబ్బుకీ మధ్య రోజులు చూసుకుని నిర్ణయిస్తారట. లేస్తూ ఒక మాట చెప్పారు: “చాలా మంచి మందండీ ఇది, ఎందరినో బతికిస్తుంది. మీకు మాత్రం పడదు.”

అంత చదువుకున్న మనిషి చివరికి వాడింది ఆ మాటే. నేను వాదన కాదని కొట్టేసిన మాట. తర్వాత చాలాసార్లు దాన్ని గురించి ఆలోచించాను. తోడికోడళ్ళకు పడదంటాం, వంకాయ పడదంటాం, ఊరి నీళ్ళు పడలేదంటాం. ఆ మాట ఏ ఒక్కరి మీదా నేరం మోపదు. మందులో దోషముందని అనదు, మనిషిలో లోపముందని అనదు. ఇద్దరూ కలిసిన చోట ఏదో జరిగిందని మాత్రం చెబుతుంది. డాక్టరు గారు అరగంట చెప్పింది కూడా సరిగ్గా అదే. నేను మాత్రం మందులోనైనా ఉండాలి, లేదా ఈయన ఊహలోనైనా ఉండాలి అని రెండే తలుపులు తెరిచి, మూడోది గోడ అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆంటీ నమాజుకు పక్క గదిలోకి వెళ్ళినప్పుడు చెప్పేశాను. “మాస్టారూ, ఆ రోజు అట్ట నేను పూర్తిగా చదవలేదు. మొదటి పేరు చూసి ఆపేశాను. ‘అంతేనా’ అని మీరడిగితే ‘అంతే’ అన్నాను.”

“తెలుసు.”

“ఎలా?”

“నలభై ఏళ్ళు ఇదే పనమ్మా. రెండు పేర్లు చదవడానికి ఎంత సేపు పడుతుందో నాకు తెలియదూ? నీకు అంత సేపు పట్టలేదు.”

“మరి ఎందుకు వేసుకున్నారు?”

ఆయన వీపు కిందికి చేయి పెట్టుకుని కాసేపు గోక్కున్నారు. ఆస్పత్రికి ఆంటీ చెక్క స్కేలు తేవడం మరిచిపోయింది. లేచి నేను గోకాను. పసుపు రంగు చర్మం మీద నా గోళ్ళ గీతలు తెల్లగా లేచి మాయమయ్యాయి.

“అంత బాగా చెప్పావు మరి” అన్నారు. “అర్థంలో పడిపోయాను.”

తర్వాత ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. నేను ఎత్తబోతే బోర్డులో ఒత్తు గురించి మాట్లాడేవారు.

కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. కొండపల్లి నుంచి ఆంటీ తమ్ముడు కామెర్లకు పసరు సీసా పట్టుకొచ్చాడు. “ఇందులో ఏ ఆకులున్నాయో వరసగా చెప్పు బామ్మర్దీ, తాగుతాను” అన్నారు మాస్టారు. చెబితే గుణం పోతుందన్నాడు అతను. “చెప్పకపోతే నేనే పోతాను” అన్నారు. సీసా వచ్చిన దారినే వెళ్ళింది. కొత్త కళ్ళద్దాలు వచ్చిన రోజు ఆయన మొదట చదివింది తన ఆస్పత్రి కాగితాలు. వాటిలో రెండు అక్షర దోషాలు దిద్ది, పై అట్ట మీద ఎర్ర పెన్నుతో ఇలా రాశారు: ‘అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మందు పడదు. ఏ పేరుతో వచ్చినా పడదు.’ పడదు కింద రెండు గీతలు.

వేసవిలో ఒక పొద్దున ఆయన నా చేతిలో అచ్చాఫీసు నుంచి వచ్చిన ప్రూఫుల ఫారం పెట్టారు, పదహారు పేజీలు. “వెనక నుంచి చదివి పెట్టు. నా ఎడమ కన్ను ఇంకా అలుగుతోంది.” గంటన్నర కూర్చున్నాను. మధ్యలో ఒక్కసారీ తొందరపెట్టలేదు. మూడు తప్పులు పట్టాను. ఆయన నాలుగోది చూపించి, “ఫరవాలేదు, మొదటిసారి నేను రెండే పట్టాను” అన్నారు. అది నిజం కాదని నాకు ఖచ్చితంగా తెలుసు.

ఒక ఆక్షేపణ రావచ్చు. ‘పడదు’ అన్న ప్రతివారి మాటా తీర్పుగా తీసుకుంటే వైద్యం సాగుతుందా, అవసరమైన మందును భయంతో మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునేవారు ఉండరా? ఉంటారు. అందుకే తీర్పుగా తీసుకోమనడం లేదు, సాక్ష్యంగా తీసుకోమంటున్నాను. సాక్షిని ప్రశ్నించవచ్చు: ఏ మందు, ఎన్ని రోజులు, ఆపిన ఎన్నాళ్ళకు, ఏమైంది? ఆ నాలుగు ప్రశ్నలు ఆ సాయంత్రం నేను అడిగి, జవాబులు డాక్టరుకు చేరవేసి ఉంటే చాలు. నేను అడగలేదు. నాకు గెలవడం తెలుసు, అడగడం తెలియదు.

కనుక ఇది చదివినవారిని ఒక పని చేయమని అడుగుతున్నాను. ఈ రోజే మీ ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఎప్పుడైనా ఏ మందైనా పడలేదా అని అడగండి. మందు ఆపేశాక వారాల తర్వాత వచ్చిన దురదలూ, కామెర్లూ కూడా అడగండి. ‘ఏదో తెల్ల బిళ్ళ’ అంటే నవ్వకండి. పాత చీటీ వెతికి, మందుల షాపులోనో డాక్టరు దగ్గరో దానిలోని అసలు మందుల పేర్లు, ఒకటి కాదు, అన్నీ కనుక్కోండి. వాటిని కాగితం మీద రాసి ఆ మనిషి ఆస్పత్రి కాగితాలకు పైన కుట్టండి. మందు మానడం, మార్చడం మీ అంతట మీరు చేయకండి. కానీ ఈసారి డాక్టరు గారు చీటీ మీద కలం పెట్టకముందే, ఆ కాగితం వారి ముందు పెట్టండి.